గది ఎవరు మారాలి?

2006లో ఢిల్లీ ఎయిమ్స్‌లో రిజర్వేషన్ వ్యతిరేక ఆందోళన హోరెత్తింది. ఆ వేడిలో అక్కడి ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు పడుతున్న అవమానాలు కూడా బయటికొచ్చాయి. వాటిని విచారించడానికి ప్రభుత్వం అప్పటి యూజీసీ అధ్యక్షుడు సుఖదేవ్ థోరట్ నాయకత్వంలో కమిటీ వేసింది. ఆ కమిటీ 2007 మేలో నివేదిక ఇచ్చింది. అధ్యాపకుల నుంచి తమకు తగిన సహకారం అందడం లేదని 69 శాతం ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు చెప్పారన్న అంకె పత్రికల్లో బాగా వచ్చింది. హాస్టళ్ల సంగతి అంతగా రాలేదు. తోటివాళ్ల మాటలు, తలుపుల మీద రాతలు, వేధింపులు పడలేక ఆ విద్యార్థులు ఒక్కొక్కరే గదులు మార్చుకుంటూ పోయారు. చివరికి ఒకటి రెండు హాస్టళ్లలో పై అంతస్తులకు చేరి గుంపుగా మిగిలారు. కాగితం మీద చూస్తే ఎవరూ ఎవరినీ వెళ్లగొట్టలేదు. వాళ్లంతట వాళ్లే వెళ్లారు.

విద్వేష ఘటన జరిగాక విశ్వవిద్యాలయం ఎలా స్పందించిందో తెలుసుకోవడానికి ఖండన ప్రకటనలు చదవనక్కర్లేదు. ఎంతమంది ప్రొఫెసర్లతో కమిటీ వేశారో లెక్కపెట్టనక్కర్లేదు. గది ఎవరు మారారో చూస్తే చాలు. దెబ్బ తిన్నవాడు మారాడా, దెబ్బ కొట్టిన పరిస్థితి మారిందా? గత ఇరవై ఏళ్లలో మన క్యాంపస్‌లలోనూ బయటి దేశాల్లోనూ జరిగినవాటిని ఈ ఒక్క ప్రశ్నతో చూసుకుంటూ పోతే, చట్టాలూ నిబంధనలూ ఎక్కడ పనిచేశాయో, ఎక్కడ కాగితాలుగానే మిగిలాయో కొంత తెలుస్తుంది.

ముందుగా ఒక చిక్కు. మన క్యాంపస్‌లలో విద్వేష ఘటన ఆ పేరుతో ఎక్కడా నమోదు కాదు. కొత్తగా చేరినవాణ్ణి కులం పేరు పెట్టి ఏడిపిస్తే అది ర్యాగింగ్ ఖాతాలోకి పోతుంది. గొడవ ముదిరితే 'ఇరువర్గాల ఘర్షణ' అవుతుంది. ఒకడు రాయి విసిరి మరొకడు తల పట్టుకున్నా ఇరువర్గాలే! క్లాసులో 'నీ ర్యాంకెంత?' అనడం, వైవాలో ఇంటిపేరు రెండుసార్లు అడగడం, ల్యాబ్‌లో పరికరం దగ్గరికి రానివ్వకపోవడం ఏ ఖాతాలోకీ రావు. ఇవేవీ ఒక్కొక్కటిగా చూస్తే నేరాలు కావు. నేరం అయితే తప్ప కదలని యంత్రాంగానికి ఇవి కంటికి ఆనవు.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ కథ తెలుగు పాఠకులకు తెలిసిందే అయినా దాన్ని మొదటి నుంచీ వరసగా చూడాలి. 2008 ఫిబ్రవరిలో సెంథిల్ కుమార్ అనే ఫిజిక్స్ పరిశోధక విద్యార్థి హాస్టల్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు. తమిళనాడులోని సేలం ప్రాంతంలో పందులు పెంచుకుని బతికే దళిత కుటుంబం నుంచి పీహెచ్‌డీ దాకా వచ్చినవాడు. అతనికి గైడ్‌ను కేటాయించలేదు, ఫెలోషిప్ ఆగిపోయింది. విద్యార్థులు పట్టుబట్టాక ప్రొఫెసర్ వినోద్ పావురాల నాయకత్వంలో కమిటీ వేశారు. ఆ విభాగంలో గైడ్‌ల కేటాయింపు పద్ధతి ఒక తీరున లేదని, దాని బరువు రిజర్వేషన్ విద్యార్థుల మీదే పడుతోందని కమిటీ ఎత్తి చూపింది. అంటే తిట్టిన మనిషి కోసం వెతకకుండా, తిట్టకుండానే మనిషిని తొక్కే పద్ధతిని పట్టుకుంది. మన క్యాంపస్‌లలో ఇలా ఆలోచించిన నివేదికలు తక్కువ. దాన్ని పట్టించుకుని అమలు చేసి ఉంటే తర్వాతి కథ వేరుగా ఉండేదేమోనన్న అనుమానం నాకు పోదు.

ఆ తర్వాతి కథ 2015 ఆగస్టులో మొదలైంది. అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌కూ ఏబీవీపీకీ మధ్య గొడవ జరిగింది. తనను కొట్టారని ఏబీవీపీ నాయకుడు ఫిర్యాదు చేశాడు. విశ్వవిద్యాలయ విచారణలో మొదట ఒక మాట, తర్వాత ఇంకో మాట వచ్చింది. సస్పెన్షన్ విధించారు, ఎత్తేశారు, మళ్లీ మరో రూపంలో తెచ్చారు. ఈలోగా కేంద్రమంత్రి బండారు దత్తాత్రేయ మానవ వనరుల మంత్రికి లేఖ రాశారు. ఆ శాఖ నుంచి విశ్వవిద్యాలయానికి వరుసగా ఉత్తరాలు వచ్చాయి. డిసెంబరులో ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టళ్ల నుంచి బయటికి పంపారు. క్యాంపస్ ఎన్నికల్లో పాల్గొనకూడదన్నారు, ఉమ్మడి ప్రదేశాల్లో గుంపుగా కనబడకూడదన్నారు. చదువుకోవచ్చు గాని ఉండటానికి వీల్లేదన్నమాట. జనవరి చలిలో ఆ ఐదుగురూ షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర టెంట్ వేసుకుని, చుట్టూ అంబేడ్కర్, ఫూలే బొమ్మలున్న ఫ్లెక్సీలు కట్టి, దానికి 'వెలివాడ' అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న వాళ్లలో ఒకడైన రోహిత్ వేముల ప్రాణం తీసుకున్నాడు.

ఇక్కడ గది మారినవాళ్లు ఎవరో వేరే చెప్పక్కర్లేదు. ఆ తర్వాత వచ్చిన స్పందన చూడండి. కేంద్రం నియమించిన జస్టిస్ రూపన్‌వాల్ కమిషన్ రోహిత్ దళితుడు కాదని చెప్పింది. అతను షెడ్యూల్డ్ కులస్థుడేనని మొదట చెప్పిన గుంటూరు జిల్లా యంత్రాంగం 2017లో మాట మార్చింది. 2024 మేలో బయటికొచ్చిన తెలంగాణ పోలీసుల మూసివేత నివేదిక కూడా ఆ కుల ధ్రువీకరణ చుట్టూనే తిరిగింది. తల్లి రాధిక, విద్యార్థులు అభ్యంతరం చెప్పాక మళ్లీ దర్యాప్తు చేస్తామన్నారు. హాస్టల్ నుంచి ఎందుకు పంపారు, ఆ నిర్ణయం ఏ ఆధారంతో, ఎవరి ఒత్తిడితో జరిగింది అన్న ప్రశ్నల మీద పెట్టాల్సిన శ్రమ పోయినవాడి తల్లి పుట్టుపూర్వోత్తరాల మీద పెట్టారు. అట్రాసిటీ కేసు నిలవాలంటే కులం తేలాలి, నిజమే. కానీ విశ్వవిద్యాలయం తన తప్పొప్పులు తాను చూసుకోవడానికి ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు కదా!

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం బలమైనదే. 2015 సవరణలు రోహిత్ చనిపోయిన తొమ్మిది రోజులకు, 2016 జనవరి 26న అమల్లోకి వచ్చాయి. విధి నిర్వహణలో కావాలని నిర్లక్ష్యం చేసిన ప్రభుత్వోద్యోగిని శిక్షించే నాలుగో సెక్షన్ కూడా అందులో ఉంది. అయితే కులం పేరుతో తిట్టడం నేరం కావాలంటే అది 'ప్రజల కళ్లెదుట' జరగాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు జరిగినది ఆ పరిధిలోకి రాదని 2020లో ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరి హాస్టల్ జీవితమంతా నాలుగు గోడల మధ్యే గడుస్తుంది. ముంబైలో నాయర్ ఆసుపత్రికి అనుబంధంగా ఉన్న వైద్య కళాశాలలో పీజీ చేస్తున్న గిరిజన డాక్టర్ పాయల్ తడ్వి 2019 మేలో చనిపోయింది. సీనియర్లు కులం పేరుతో హింసించారన్నది కుటుంబం ఆరోపణ. ముగ్గురు సీనియర్లు అరెస్టయ్యారు. చట్టం కదిలింది, కానీ కదిలేసరికి ఆమె లేదు.

పోలీసు చట్టం చేరలేని ఈ ఖాళీని పూడ్చడానికే యూజీసీ 2012లో సమానత్వ నిబంధనలు తెచ్చింది. అవి చదివితే క్యాంపస్ లోగుట్టు తెలిసినవాళ్లే రాశారనిపిస్తుంది. క్లాసులో విద్యార్థి కులం బయటికి చెప్పడం, 'రిజర్వ్‌డ్ కేటగిరీ' అని ముద్ర వేయడం, ల్యాబ్‌లో పని ఇవ్వకుండా ఊరికే కూర్చోబెట్టడం, మెస్‌లో, రీడింగ్ రూమ్‌లో వేరుచేయడం, ఆటస్థలంలో వేరుగా చూడటం అన్నీ వివక్షేనని విడివిడిగా రాశారు. ప్రతి సంస్థలో సమాన అవకాశాల విభాగం ఉండాలి, వివక్ష నిరోధక అధికారి ఉండాలి, ఫిర్యాదు 60 రోజుల్లో తేలాలి. లోపమల్లా ఆ అధికారిని నియమించే తీరులో ఉంది. అతను అదే సంస్థలో ప్రొఫెసర్. ఫిర్యాదు ఎవరి మీద వస్తుందో ఆయన పక్క గదిలోనే ఉంటాడు, రేపు ప్రమోషన్ కమిటీలో కూర్చుంటాడు. ఈ సంబంధాల మధ్య ఒక పరిశోధక విద్యార్థి తన గైడ్ మీద కాగితం రాసి ఇవ్వాలి. థీసిస్ మీద సంతకం చేయాల్సిన చేయి ఆ గైడ్‌దే.

ఈ సందర్భంలో ఒక అంకె చూడాలి. యూజీసీ పార్లమెంటరీ సంఘానికీ సుప్రీంకోర్టుకూ ఇచ్చిన లెక్కల ప్రకారం విశ్వవిద్యాలయాలు, కళాశాలల నుంచి వచ్చిన కుల వివక్ష ఫిర్యాదులు 2019-20లో 173 ఉండగా 2023-24 నాటికి 378 అయ్యాయి. రెట్టింపు దాటాయని ఆందోళన పడ్డవాళ్లున్నారు. నాకైతే ఆ 378 పెద్ద అంకెగా కనబడలేదు. దేశంలో వెయ్యికి పైగా విశ్వవిద్యాలయాలు, నలభై వేలకు పైగా కళాశాలలు ఉన్నాయి. ఏటా ఇన్ని వేల సంస్థల నుంచి నాలుగు వందల ఫిర్యాదులు కూడా రాలేదంటే చాలాచోట్ల ఆ విభాగం బోర్డుకే పరిమితమని అర్థం. సున్నా ఫిర్యాదులున్న కళాశాల వివక్ష లేని కళాశాల కానక్కర్లేదు. ఫిర్యాదు పట్టుకుని ఎక్కడికెళ్లాలో ఎవరికీ తెలియని కళాశాల కూడా కావచ్చు. ఫిర్యాదులు పెరగడాన్ని ప్రిన్సిపాల్ పరువు పోయినట్టు చూడటం మానేంతవరకూ ఈ లెక్కలు నిజం చెప్పవు.

దీని పక్కన ర్యాగింగ్ కథ పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. నేరం చేసినవాడితో పాటు, ఫిర్యాదు వచ్చినా కదలని సంస్థ అధిపతిని కూడా ప్రేరేపించినవాడి కింద లెక్కగట్టింది. తర్వాత సుప్రీంకోర్టు చొరవతో రాఘవన్ కమిటీ, 2009లో హిమాచల్‌లో ఒక వైద్య విద్యార్థి మరణం, యూజీసీ నిబంధనలు, దేశవ్యాప్త హెల్ప్‌లైన్, ప్రతి విద్యార్థి నుంచీ తల్లిదండ్రుల నుంచీ అఫిడవిట్ వచ్చాయి. ర్యాగింగ్ పూర్తిగా పోలేదు. కానీ 'ఇక్కడ అలాంటివి లేవండీ' అని ప్రిన్సిపాల్ తేలిగ్గా తప్పించుకునే కాలం పోయింది. హాస్టల్ మార్పు కూడా అక్కడ సంస్థే ముందుగా చేస్తుంది, కొత్తవాళ్లకు వేరే బ్లాక్ ఇచ్చి. మరి కులం విషయంలో అంత పట్టుదల ఎందుకు రాలేదు? ర్యాగింగ్ ఎవరి పిల్లలకైనా జరగొచ్చు. కులం పేరుతో జరిగేది కొందరి పిల్లలకే జరుగుతుంది. ఇంతకంటే మర్యాదైన కారణం నాకు దొరకలేదు.

తిండి గొడవలు చిన్నవిగా కనిపిస్తాయి గాని స్పందన తీరు అక్కడే బాగా బయటపడుతుంది. 2018 డిసెంబరులో ఐఐటీ మద్రాసు మెస్ హాల్లో శాకాహారులకూ మాంసాహారులకూ వేర్వేరు ద్వారాలు, వేర్వేరు వాష్ బేసిన్లు చూపిస్తూ పోస్టర్లు వెలిశాయి. గోల రేగాక తీసేశారు. ఐఐటీ బాంబేలో 2023లో మెస్‌లో కొన్ని బల్లలు శాకాహారులకే కేటాయించారు. నిరసనగా వాటి మీద మాంసాహారం తిన్న విద్యార్థికి 10,000 రూపాయల జరిమానా వేశారు. అదే సంస్థలో ఆ ఏడాది ఫిబ్రవరిలో ఒక దళిత విద్యార్థి మరణించాడు. కుల వివక్షకు నేరుగా ఆధారాలు లేవని సంస్థ సొంత కమిటీ తేల్చింది. ఆ తర్వాత జులైలో సంస్థే తోటి విద్యార్థిని జేఈఈ ర్యాంకు అడగడం తగదని మార్గదర్శకాలు ఇచ్చింది. వివక్ష లేదన్న నోటితోనే వివక్ష ఏ దారిన వస్తుందో ఒప్పుకున్నట్టయింది. ఆ మార్గదర్శకం మాత్రం మంచిదే.

విద్వేషానికి కులం ఒక్కటే రూపు కాదు. 2014లో అరుణాచల్ విద్యార్థి నిడో తానియా ఢిల్లీ లాజ్‌పత్ నగర్‌లో దెబ్బలు తిని చనిపోయాక బెజ్‌బరువా కమిటీ వేశారు. ఈశాన్య రాష్ట్రాల విద్యార్థులను ముఖకవళికలు చూసి హేళన చేయడాన్ని ప్రత్యేక నేరంగా గుర్తించాలని ఆ కమిటీ చెప్పింది. 2024 మార్చి 16 రాత్రి గుజరాత్ విశ్వవిద్యాలయ హాస్టల్‌లో రంజాన్ నమాజు చేస్తున్న విదేశీ విద్యార్థుల మీద బయటి గుంపు పడింది. అరెస్టులు జరిగాయి. విదేశీ విద్యార్థులను వేరే హాస్టల్‌కు మార్చారు. ఆ రాత్రికి అది అవసరమే కావచ్చు. ప్రాణభయం ఉన్నవాణ్ణి సురక్షితమైన చోటికి తీసుకెళ్లడాన్ని ఎవరూ తప్పుపట్టరు. చిక్కేమిటంటే తాత్కాలికంగా చేసిన మార్పు తర్వాత శాశ్వతమైపోతుంది, పాత బ్లాకు ఎవరి వశమైందో ఎవరూ అడగరు.

మనవాళ్లు బాధితులైనచోట ఇది మనకు వెంటనే అర్థమవుతుంది. 2009 మేలో మెల్‌బోర్న్‌లో ఒక పార్టీలోకి చొరబడ్డవాళ్లు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన విద్యార్థిని స్క్రూడ్రైవర్‌తో పొడిచారు. వేలమంది భారతీయ విద్యార్థులు నగరం నడిబొడ్డున ఊరేగింపు తీశారు. అంతకుముందే అక్కడి పోలీసులు భారతీయ విద్యార్థులకు ఒక సలహా ఇచ్చారు. రైళ్లలో సొంత భాషలో గట్టిగా మాట్లాడకండి, ల్యాప్‌టాప్‌లు, ఖరీదైన వస్తువులు పైకి కనబడనివ్వకండి అని. ఇవి దోపిడీలే తప్ప జాతి విద్వేషం కాదని చాలాకాలం వాదించారు. అప్పుడు మన పత్రికలు మండిపడ్డాయి, న్యాయంగానే. 'కాస్త తగ్గి ఉండు బాబూ' అన్న అదే సలహా మన హాస్టళ్లలో వార్డెన్ నోట వచ్చినప్పుడు ఆ మంట ఎందుకు రాదో ఆలోచించాలి.

అమెరికా అనుభవం వేరే పాఠం చెబుతుంది. అక్కడ విద్వేష నేరాలను లెక్కగట్టి ఏటా ప్రకటించాల్సిన బాధ్యత క్లెరీ చట్టం విశ్వవిద్యాలయాల మీద పెట్టింది. నేరం కాని ఘటనల విషయంలోనే వాళ్లు తడబడ్డారు. మిషిగన్ విశ్వవిద్యాలయం తెచ్చిన మాటల నియంత్రణ నియమావళిని 1989లో ఫెడరల్ కోర్టు కొట్టేసింది. తర్వాత అక్కడే పక్షపాత ఘటనల మీద స్పందించే బృందం పెట్టారు. దానికి శిక్షించే అధికారం లేదు. అయినా విద్యార్థిని పిలిపించడం, కేసును మరో విభాగానికి పంపగలగడం కూడా మాట్లాడేవాళ్లను భయపెడతాయని 2019లో అప్పీలు కోర్టు అభిప్రాయపడింది. మిషిగన్ ఆ బృందాన్ని ఎత్తేసి, దెబ్బతిన్న విద్యార్థికి అండగా నిలవడమే పనిగా ఇంకో ఏర్పాటు చేసుకుంది. మరుసటి ఏడాది ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం విషయంలో మరో కోర్టు అటువంటి బృందంతో భావప్రకటనకు ముప్పుందని రుజువు కాలేదంది. అక్కడి న్యాయమూర్తులకే ఒక మాట మీద ఏకీభావం లేదు. మన విద్యార్థులతో పాటు కులం కూడా అక్కడికి చేరింది కాబట్టి బ్రాండైస్ విశ్వవిద్యాలయం 2019లో, అప్పటికి 23 క్యాంపస్‌లున్న కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో వివక్ష నిషేధ విధానంలో కులాన్ని చేర్చాయి. రాష్ట్రమంతటికీ అటువంటి చట్టం చేయబోతే 2023లో గవర్నర్ వీటో చేశారు.

మిషిగన్ తడబాటు నుంచి మనం తీసుకోదగ్గది ఒకటుంది. దెబ్బతిన్నవాడికి తోడు నిలవడం, దెబ్బ కొట్టినవాణ్ణి శిక్షించడం రెండు వేర్వేరు పనులు. మన దగ్గర రెంటినీ ఒకే కమిటీ ఒకే ఫైలులో చేస్తుంది. అందువల్ల నేరం రుజువయ్యేదాకా సాయం కూడా ఆగుతుంది. ఒక హాస్టల్ ఊహించుకోండి. పొద్దున్నే తలుపు మీద మార్కర్‌తో కులం పేరు, బూతు. పది గంటలకల్లా వార్డెన్ మనిషిని పిలిచి రంగు వేయించేస్తాడు. ఆయన దృష్టిలో అది మంచి పనే. ఫొటో ఎవరూ తీయలేదు, ఎన్ని గంటలకు చూశారో ఎవరూ రాసుకోలేదు, సీసీ కెమెరా రికార్డింగు దాచమని ఎవరూ చెప్పలేదు. కొద్ది వారాల్లో దాని మీద కొత్తది ఎక్కిపోతుంది. మధ్యాహ్నం కుర్రాణ్ణి పిలిచి, 'ఎవరి మీదైనా అనుమానముందా బాబూ?' అంటాడు. 'లేదు సార్.' 'మరి వదిలెయ్. పరీక్షలు దగ్గర పడ్డాయి. కావాలంటే కింద ఫ్లోర్‌లో రూమ్ ఇప్పిస్తా.' ఇందులో దుర్మార్గుడు ఎవరూ లేరు. అయినా ఆధారం పోయింది, కుర్రాడు గది ఖాళీ చేస్తాడు, రాసినవాడు అదే కారిడార్‌లో ఉంటాడు.

సాయాన్ని వేరుగా పెడితే ఇదే రోజు ఇంకోలా గడుస్తుంది. రాసింది ఎవరో తేలకపోయినా ఫొటో తీసి, తేదీ వేసి, రిజిస్టరులో ఎక్కించవచ్చు. ఆ వారం వైవా ఉంటే బయటి పరీక్షకుణ్ణి కూడా కూర్చోబెట్టవచ్చు. గైడ్‌తో పేచీ అయితే థీసిస్ ఆగకుండా విభాగమే వేరే గైడ్‌ను ఏర్పాటు చేయవచ్చు. ఫెలోషిప్ ఆగిందేమో ఆఫీసులో ఒక గుమస్తాను అడిగితే తెలుస్తుంది. కారిడార్‌లో అందరినీ కూర్చోబెట్టి జరిగింది చెప్పవచ్చు. వీటిలో ఏ ఒక్కదానికీ ఎవరినీ దోషిగా నిలబెట్టనక్కర్లేదు. శిక్ష సంగతి వచ్చినప్పుడు మాత్రం ఆధారాలు, ఎదుటివాడి వాదన, నిష్పక్షపాతమైన విచారణ అన్నీ ఉండాల్సిందే. హైదరాబాద్‌లో ఆ ఐదుగురి విషయంలో తప్పిందీ ఇదే. విచారణ సక్రమంగా జరగాలన్నది వాళ్ల డిమాండ్ కూడా.

తప్పుడు ఫిర్యాదుల భయం గురించి ఒక మాట. అది పూర్తిగా ఊహాజనితం అనను. విద్యార్థి సంఘాల పోరులో ఏ చట్టమైనా ఆయుధం కాగలదు. కానీ ఇప్పటి వ్యవస్థలో ఫిర్యాదంటే నేరుగా శిక్ష దాకా పోయే దారి ఒక్కటే ఉంది కనుక ఆ భయం పెద్దదైంది. శిక్షతో పని లేకుండా సాయం దొరికే దారి ఉంటే చాలామంది దాన్నే ఎంచుకుంటారు. డిగ్రీ పూర్తిచేసి ఇంటికెళ్లాలన్నదే వాళ్ల కోరిక.

ఈ పోరు ఇప్పుడు కోర్టులో ఉంది. 2025లో యూజీసీ కొత్త నిబంధనల ముసాయిదా తెచ్చింది. అందులో తప్పుడు ఫిర్యాదు చేసినవాళ్లను శిక్షించే నిబంధన ఉంది, ఓబీసీల ప్రస్తావన లేదు. విమర్శలొచ్చాక 2026 జనవరి 13న ప్రకటించిన తుది నిబంధనల్లో ఆ శిక్ష నిబంధన తీసేశారు, ఓబీసీలను చేర్చారు. ఫిర్యాదు అందిన 24 గంటల్లో కమిటీ కూర్చోవాలన్నారు. రోజుల వ్యవధిలో ఉత్తరాదిన జనరల్ కేటగిరీ విద్యార్థులు రోడ్డెక్కారు. కుల వివక్ష నిర్వచనంలో తమకు చోటు లేదన్నారు. జనవరి 29న సుప్రీంకోర్టు ఆ నిబంధనలను నిలిపేసింది. అస్పష్టత, దుర్వినియోగం గురించి ప్రశ్నలు వేసింది. చరిత్రంతా ఒకవైపే బరువు మోపినచోట నిర్వచనం కూడా ఒకవైపు మొగ్గడం తప్పు కాదని నా అభిప్రాయం. అయితే తొందరలో రాసిన నిబంధన కోర్టులో నిలవకపోతే నష్టపోయేది మళ్లీ అదే పిల్లలు.

ఈ కొత్త నిబంధనల వెనుక ఒక పాత పిటిషన్ ఉంది. 2019లో రోహిత్ తల్లి రాధిక వేముల, పాయల్ తల్లి ఆబేదా తడ్వి కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2012 నిబంధనలు ఉన్నా ఎక్కడా అమలు కావడం లేదన్నది వాళ్ల మొర. దాని మీద విచారణ సాగి సాగి 2026 నిబంధనల దాకా వచ్చింది. స్టే ఇచ్చిన రోజున కోర్టు, మధ్యలో ఖాళీ ఏర్పడకుండా పాత నిబంధనలే కొనసాగుతాయని ఆదేశించింది. అంటే ఆ ఇద్దరు తల్లులు అమలు కావడం లేదని కోర్టు మెట్లెక్కిన 2012 నిబంధనలే ఈ రోజు ప్రతి క్యాంపస్‌లోనూ అమల్లో ఉన్నట్టు లెక్క.